పగడం సంగతి తెలియాలంటే ముందు గెడ్డను చూడాలి

మీరు అడిగినవి రెండు. మీ చిన్నాన్నగారి కుటుంబం అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) దగ్గర ఉంటోంది, అక్కడ కొండ తవ్వి రోడ్డు వేశాక ఒడ్డు దగ్గరి పగడాలు చచ్చిపోయాయంటున్నారు, నేల మీద చేసిన పనికి నీళ్లలోని పగడానికి సంబంధం ఏమిటన్నది మొదటిది. అదే బంగాళాఖాతం మన శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం ముందూ ఉంది కదా, మరి మనకి పగడపు దిబ్బలు ఎందుకు లేవన్నది రెండోది. రెండింటి మూలమూ ఒకటే కాబట్టి కలిపే చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

నేను సముద్ర శాస్త్రవేత్తను కాను. ముప్పై ఏళ్లు మట్టి పని చేసినవాణ్ణి. సీతంపేట కొండల్లో చెక్‌డ్యాములు, రాతికట్టలు, కందకాలు, మధ్యలో నాలుగేళ్లు అండమాన్‌లో ఇలాంటి పనే. అక్కడికి వెళ్లేదాకా మట్టి కొట్టుకుపోతే రైతుకి నష్టం, చెరువుకి పూడిక అనే అనుకునేవాణ్ణి. గెడ్డ, అంటే కొండవాగు దాటి, నది దాటి, మొగలోంచి సముద్రంలో పడ్డాక ఆ మట్టి ఏం చేస్తుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మా లెక్కలన్నీ మొగ దగ్గరే ఆగిపోయేవి.

ముందు పగడం అంటే ఏమిటో చెప్పుకుందాం. కుజదోషానికి ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం ఇది కాదు. అది లోతు నీళ్లలో, మసక వెలుతురులో పెరిగే వేరే జాతి. దిబ్బలు కట్టే పగడం చిన్న జంతువు, ఒక్కోటి చాలాసార్లు కంది గింజంత కూడా ఉండదు. అలాంటివి వేలకు వేలు పక్కపక్కన అతుక్కుని, కింద సున్నం పేర్చుకుంటూ పోతాయి. వాటి ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురం ఉంటుంది. ఎండ తగిలితే నాచు తిండి తయారుచేస్తుంది, అందులో ఎక్కువ భాగం పగడానికే ఇస్తుంది. పగడానికి రోజువారీ భోజనం అదే. అంటే అది జంతువే అయినా బతుకు మాత్రం పైరు బతుకు. దానికి ఎండ పడాలి, కాళ్ల కింద గట్టి రాయి ఉండాలి, నీళ్లలో ఉప్పు తగ్గకూడదు.

ఈ మూడింటినీ ఒకేసారి పాడుచేసేది వరద నీరు.

మట్టి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ తేలిగ్గా తీసుకునేది అదే. ఒక మామూలు దిబ్బ మీద సహజంగా రోజూ కొంత మట్టి పడుతూనే ఉంటుంది. చదరపు సెంటీమీటరుకి రోజుకి 10 మిల్లీగ్రాముల లోపు అయితే ఫరవాలేదని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్న అంచనా. చదరపు సెంటీమీటరంటే మీ చిటికెన వేలి గోరంత చోటు. 10 మిల్లీగ్రాములంటే ఒక బియ్యపు గింజలో సగం బరువు. గోరంత చోట రోజుకి అర బియ్యపు గింజంత మట్టి! అదీ హద్దు. పెద్ద వానకి మన కొండవాలు మీంచి దిగే నీటిని చూసినవాళ్లకి ఆ అంకె ఎంత చిన్నదో వేరే చెప్పక్కర్లేదు.

మట్టి మీద పడితే పగడం చూస్తూ ఊరుకోదు. జిగురు వదుల్తుంది. ఆ జిగురులో మట్టిని చుట్టి, అలలకి జారిపోయేలా చేస్తుంది. దానికి శక్తి ఖర్చవుతుంది. బురద నీళ్లలో ఎండ తగ్గి తిండి తగ్గిన రోజే ఈ అదనపు పని కూడా పడుతుంది. ఒకటి రెండు రోజులైతే తట్టుకుంటుంది. వారాల తరబడి సాగితే కిందివైపు, పల్లంగా ఉన్న భాగాలు ఊపిరాడక చచ్చిపోతాయి. ఆ పైన ఇంకో చిక్కు ఉంది. పగడం పిల్లలు నీళ్లలో తేలుతూ వచ్చి శుభ్రమైన గట్టి రాయి దొరికితేనే అతుక్కుంటాయి. రాయి మీద పలచగా మట్టి పేరుకున్నా నిలవవు. అంటే ఉన్నవి పోవడమే కాదు, కొత్తవి రావడం కూడా ఆగిపోతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నాను. అండమాన్‌లో ఒక చిన్న ఊరికి వెళ్లే మట్టి రోడ్డు పక్కన మా బృందం డ్రైను తవ్వించింది. పని ఏప్రిల్‌లో పూర్తయింది. తవ్విన మట్టిని రోడ్డుకి వాలు వైపు అంచున పోగేశాం, బిల్లు పాసయ్యాక లారీలకి ఎత్తిద్దామని. బిల్లు ఎక్కడో ఆగింది. అక్కడ రుతుపవనాలు మే మూడో వారానికే వచ్చేస్తాయి, మనకంటే పదిహేను ఇరవై రోజులు ముందు. ఆ లెక్క మాకు తెలియదని కాదు, తెలిసీ ఊరుకున్నాం. ఒక్క రాత్రి వానకి ఆ పోగంతా మాయం.

మర్నాడు ఉదయం ఊరి ముందున్న చిన్న సముద్రపు పాయ టీ రంగులో ఉంది. అక్కడ చేపలు పట్టే సంతబొమ్మాళి వైపు మనిషి ఒకాయన ఉండేవాడు, మన జిల్లావాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు కదా. నాలుగైదు రోజులకి నీళ్లు కాస్త తేరాక తన పడవలో తీసుకెళ్లి, నీళ్లలో చూడ్డానికి కళ్లకి పెట్టుకునే అద్దం ఇచ్చి దిగమన్నాడు. రెండు నిలువుల లోతు కూడా లేదు. బల్లపరుపు పగడాల మీద బూడిదరంగు దుప్పటి కప్పినట్టుంది. గుండ్రటి వాటి మీంచి చీమిడి లాంటి తీగలు వేలాడుతున్నాయి, ఒక్కో తీగలో మట్టి ముద్దలు. చెయ్యి ఊపితే ఆ దుప్పటి లేచి మళ్లీ అక్కడే కూర్చుంది. పైకొచ్చాక ఆయన అన్నది ఒకటే మాట, "సూసారు కదండీ, మీ డ్రైను ఇక్కడికొచ్చీసింది."

ఆ ఏడాది నుంచి నా పని తీరు మారింది. మట్టి పని ఏదైనా సరే, వానకి నెల ముందు ఆపేయాలి, తవ్విన మట్టిని వాలు ఎగువ వైపే వేయాలి, నీళ్లు వదిలేచోట రాళ్లు పరచాలి. కొత్త సంగతులేమీ కావు, మన ముసలి మేస్త్రీలకి ఎప్పుడో తెలుసు. కాకపోతే నాకు అక్కడ ఇంకో సంగతి అర్థమైంది. మొత్తం కొండ నుంచి సమానంగా మట్టి రాదు. పదెకరాల అడవి కంటే వంద గజాల మట్టి రోడ్డు ఎక్కువ మట్టి ఇస్తుంది. కరీబియన్‌లో సెయింట్ జాన్ అనే చిన్న దీవి మీద ఏళ్ల తరబడి కొలిచినప్పుడు కూడా ఇదే తేలింది, తీరానికి చేరే మట్టికి ముఖ్య మూలం తారు వేయని రోడ్లేనని. మీ చిన్నాన్నగారు చెప్పిన రోడ్డు నేను చూడలేదు కాబట్టి అదే కారణమని తీర్పు చెప్పను. కానీ అనుమానించవలసిన మొదటి ముద్దాయి మాత్రం అదే.

అక్కడ ఈ దెబ్బ ఇంత వేగంగా తగలడానికి కారణం నేల తీరు. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన, సముద్రం ఒడ్డునే కొండ, గెడ్డలు నాలుగైదు కిలోమీటర్లు కూడా ఉండవు. మట్టి మధ్యలో ఆగి కూర్చోడానికి మైదానం లేదు, చెరువు లేదు. ఒడ్డున మడ అడవి ఉంటే అది కొంత పడుతుంది, వేళ్ల మధ్య నీటి వేగం తగ్గి మట్టి కిందికి దిగుతుంది. మడ నరికేసిన చోట ఆ వడపోత కూడా లేదు.

ఇప్పుడు మన తీరం దగ్గరికి వద్దాం. వంశధార సుమారు 250 కిలోమీటర్లు ఒడిశా కొండల్లోంచి నడిచి వచ్చి కళింగపట్నం దగ్గర కలుస్తుంది. నాగావళి కూడా దాదాపు అంతే. అవతల మహేంద్రతనయ, బాహుదా, ఇవతల విజయనగరం వైపు చంపావతి. వీటన్నిటికంటే పెద్ద కథ మనకి ఉత్తరాన ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది నీళ్లు బంగాళాఖాతంలో పడ్డాక, వర్షాకాలం వెళ్లిపోయే రోజుల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంబడి ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. ఆ మంచినీళ్లు మన గుమ్మం ముందునుంచే పోతాయి. మామూలు సముద్రపు నీటిలో లీటరుకి 35 గ్రాముల వరకు ఉప్పు ఉంటుంది. వరదల కాలంలో బంగాళాఖాతం ఉత్తర భాగంలో పైపొర 30 కంటే దిగువకి కూడా పడిపోతుంది. పైగా మన అడుగు ఇసుకా బురదా, అతుక్కోడానికి రాయి తక్కువ. అందుకే మనకి దిబ్బలు లేవు. ఇది ఎవరి తప్పూ కాదు, నదులున్న తీరం అలాగే ఉంటుంది. ఆ మట్టే మన డెల్టా పొలాలు, ఆ నీళ్లే మన రొయ్యకి, చేపకి మేత.

అసలు ఏమీ లేవని కూడా అనకూడదు. విశాఖ వైపు సముద్రపు రాళ్ల మీద గట్టి పగడాలు అక్కడక్కడా పెరుగుతున్నట్టు శాస్త్రవేత్తలు నమోదు చేశారు. అవి గుత్తులే, దిబ్బలు కావు. అలాగే మనవాళ్లు బోట్ల మీద పనికి వెళ్లే గుజరాత్‌లో, వెరావల్‌కి అవతల కచ్ సింధుశాఖలో నీళ్లు ఎప్పుడూ మురికిగానే ఉంటాయి, అయినా పిరోటన్ దీవి దగ్గర పగడాలు ఉన్నాయి. అక్కడ మురికి ఆటుపోట్ల వల్ల వచ్చేది, పెద్ద నది వరద కాదు. తట్టుకోగల మొండి జాతులు మాత్రమే మిగిలాయి, అండమాన్‌తో పోలిస్తే రకాలు బాగా తక్కువ. కాబట్టి మట్టి ఉంటే పగడం ఉండదు అని సూత్రంలా రాసుకోకండి. అలవాటైన మట్టి వేరు, కొత్తగా మీద పడిన మట్టి వేరు.

నేల వాడకం మారితే సముద్రంలో ఏమవుతుందన్నదానికి నేను చూసినవాటిలో గట్టి సాక్ష్యం ఆస్ట్రేలియాది. అక్కడి గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర పెద్ద గుండ్రాయిలా పెరిగే పగడాలున్నాయి. చెట్టుకి వలయాల్లాగే వాటి సున్నంలో ఏడాదికో గీత పడుతుంది. రంధ్రం వేసి కడ్డీలా తీసి చూస్తే ఏ ఏడాది ఏం జరిగిందో చదువుకోవచ్చు. నది మట్టి రేణువులకి బేరియం అనే లోహం అంటుకుని వస్తుంది, ఉప్పునీళ్లు తగలగానే వదిలిపోతుంది, పగడం దాన్ని తన సున్నంలో కలిపేసుకుంటుంది. బేరియం ఎక్కువుంటే ఆ ఏడాది మట్టి ఎక్కువొచ్చిందన్నమాట. బర్డెకిన్ నదికి ఎదురుగా ఉన్న పగడాల్లో కొలిస్తే, 1870 ప్రాంతం దాకా పెద్ద మార్పు లేదు. ఆ తరవాత మట్టి 5 నుంచి 10 రెట్లు పెరిగింది. 1860ల్లో అక్కడ జరిగిందేమిటంటే, వలస వచ్చినవాళ్లు నది ఎగువన గొర్రెల్ని, పశువుల్ని తోలారు. గడ్డి పోయింది, నేల బయటపడింది. ఒడ్డున కూర్చుని ఎవరూ సముద్రంలో మట్టి పోయలేదు.

ఆ గీతల్లోనే ఇంకో సంగతి ఉంది. అన్నిటికంటే ఎక్కువ మట్టి వచ్చింది కరువు తరవాత మొదటి వరదలో. మనకీ అంతే. రోహిణి ఎండలకి పెళపెళలాడిన నేల మీద తొలకరి వాన పడితే గెడ్డ ఎలా వస్తుందో గుర్తు తెచ్చుకోండి. భాద్రపదంలో అంతకు రెట్టింపు వాన పడినా నీళ్లు అంత ఎర్రగా రావు, అప్పటికి గడ్డి మొలిచి ఉంటుంది. ఏడాదంతా చేసే హాని చాలావరకు పది పదిహేను రోజుల్లోనే జరుగుతుంది. ఆ రోజులకి నేల మీద ఏదో ఒక కప్పు ఉంచగలిగితే సగం పని అయినట్టే.

ఎరువుల సంగతి చాలామంది అడుగుతారు. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోల పైచిలుకు. మనలా వరి మడిలో చల్లితే పైరు తీసుకునేది చాలాసార్లు అందులో సగం కూడా ఉండదు. మిగతాది గాలిలోకి, భూగర్భ జలంలోకి, కాలవలోకి. కాలవది సముద్రానికి చేరితే నీళ్లలో సన్నటి నాచు పెరిగి నీళ్లు పచ్చబడతాయి, మళ్లీ ఎండ తగ్గుతుంది. రాళ్ల మీద పెద్ద నాచు పగడంతో చోటు కోసం పోటీ పడుతుంది. ఆస్ట్రేలియాలో చెరకు తోటల నత్రజని గురించి ఇంత గొడవ అందుకే. పగడాల్ని తినేసే ముళ్ల కిరీటం నక్షత్ర చేప ఒకటుంది, ఒక ఆడది ఒక్క కాలంలో కోట్ల గుడ్లు పెడుతుంది. దాని పిల్లలకి మేత ఆ సన్నటి నాచే. ఎరువు నీళ్లు పెరిగితే ఆ పిల్లలు ఎక్కువగా బతికి దండులా పడతాయని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

మురుగునీరూ అదే పని చేస్తుంది, కాకపోతే దాన్ని మళ్లించడం సులువు. హవాయిలో కనియోహె అనే సముద్రపు పాయలోకి ఊరి మురుగు వదిలేవారు. 1977-78లో గొట్టాలు వేసి బయటి లోతు సముద్రంలోకి మార్చారు. కొన్నేళ్లలో నాచు తగ్గి పగడాలు తిరిగి పుంజుకోవడం మొదలుపెట్టాయి. గొట్టాన్ని మళ్లించవచ్చు, కొండని మళ్లించలేం.

పెద్ద డ్యాములు కడితే మట్టి ఆగిపోదా అని మీకు అనుమానం రావచ్చు, ఇంజనీర్లు కూడా ఇదే అంటారు. ముతక ఇసుక ఆగుతుంది, నిజమే. అది ఆగడం వల్ల దిగువ తీరానికి ఇసుక చేరక ఒడ్డు కోసుకుపోవడం ఇంకో తలనొప్పి. కానీ పగడానికి ఇసుక కంటే ప్రమాదం సన్నటి బంకమట్టి. బర్డెకిన్ మీద 1987లో కట్టిన పెద్ద డ్యాము కూడా ఆ సన్న మట్టిని పూర్తిగా ఆపలేకపోయింది, వరదలో అది మీంచి దూకి పోతూనే ఉంది. వంశధార మీది మన గొట్టా బ్యారేజీ లాంటివైతే నీళ్లు మళ్లించడానికి కట్టినవి, వరదొస్తే గేట్లు ఎత్తేయడమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటాక వంశధార వచ్చిన తీరు చూసినవాళ్లు ఆ నీటిని ఏ గేటూ ఆపదని ఒప్పుకుంటారు.

నా ఓటు చిన్న చెరువులకి. మన జిల్లాల్లో పాత చెరువులు గొలుసులా ఉంటాయి, పై చెరువు అలుగు పోస్తే కింది చెరువుకి, దాని మదుము (తూము) నీళ్లు మళ్లకి, మళ్ల మురుగు ఇంకో బందకి (చిన్న చెరువుకి). ప్రతి చోటా నీరు కాసేపు నిలుస్తుంది, కాస్త మట్టి దించుతుంది. వేసవిలో ఆ పూడిక తవ్వి బళ్ల మీద పొలానికి తోలుకునేవారు. దిగువకి పోవలసిన మట్టి తిరిగి ఎగువకి ఎక్కేది. హవాయివాళ్లు పాతకాలంలో కొండ శిఖరం నుంచి సముద్రం దాకా ఒక నేల చీలికని ఒకే ఊరి కింద పెట్టుకునేవారు. కింది పల్లంలో నీళ్లు కట్టి, మన చేమదుంప లాంటి టారో పండించేవారు. గెడ్డ నీళ్లు ఆ మళ్లలో తేరుకుని సముద్రానికి వెళ్లేవి. కొండ నరికినవాడూ చేపలు పట్టేవాడూ ఒకే ఊరివాళ్లు కాబట్టి తగువు ఊళ్లోనే తేలేది. మనకి కొండ ఒక శాఖ, చెరువు ఒక శాఖ, రోడ్డు ఒక శాఖ, సముద్రం ఇంకో శాఖ. ఎవరి రిజిస్టరులోనూ నది మొగ ఉండదు.

పోడు గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇలాంటి చర్చ వస్తే వెంటనే కొండల్లో పోడు చేసే సవర గిరిజనుల మీదకి వేలు పోతుంది. పదీ పదిహేనేళ్లకోసారి తిరిగి అదే వాలుకి వచ్చే పాత పోడు వేరు, రెండు మూడేళ్లకే తిరిగి రావలసిన ఇప్పటి పోడు వేరు. సీతంపేటలో జీడిమామిడి వేశాక కొన్ని వాలులు నిలబడ్డాయి. కొన్నిచోట్ల చెట్టు కింద ఆకు ఊడ్చి, గడ్డి గీకి నున్నగా ఉంచుతారు, గింజ ఏరడానికి వీలుగా. అక్కడ చెట్టుంది కానీ మట్టి కొట్టుకుపోతూనే ఉంది. పైనుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది. వంగి కింద చూడాలి.

ఇంకో నిజం దాచకూడదు. ఈ రోజు పగడాలకి అన్నిటికంటే పెద్ద శత్రువు వేడి. అండమాన్‌లో 2010 వేసవిలో నీళ్లు వేడెక్కి పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయి, 1998లోనూ 2016లోనూ కూడా. వేడికి పగడం తన నాచుని బయటికి తోసేస్తుంది, అందుకే తెలుపు. 2016లో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర కొసలో నీళ్లు శుభ్రంగా ఉన్న దిబ్బలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. కాబట్టి కొండ మీద కందకం తవ్వితే పగడం వేడి నుంచి బతుకుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. చచ్చిన దిబ్బ మీద మళ్లీ పిల్లలు అతుక్కోవాలంటే మాత్రం మట్టి లేని రాయి కావాలి. ఆ వరకు మన చేతిలో ఉంది.

కాలేజీ ప్రాజెక్టుకి ఏం చేయమంటారని చివర్లో అడిగారు. పగడాల కోసం అండమాన్ టికెట్ కొనక్కర్లేదు. తొలకరికి ఖాళీ లీటరు సీసాలు పట్టుకుని మీ దగ్గరి గెడ్డకి వెళ్లండి. రోడ్డు గాని తవ్వకం గాని ఉన్న చోటుకి ఎగువన ఒక సీసా, దిగువన రెండు సీసాలు నింపండి. వాన మొదలైన గంటకే పట్టాలి, మర్నాడు వెళ్తే లాభం లేదు. గెడ్డ ఉరవడిగా ఉంటే దిగొద్దు, తాడు కట్టిన డబ్బాతో వంతెన మీంచి తోడుకోండి. ఇంట్లో కదపకుండా పెడితే ముతక ఇసుక నిమిషంలో దిగిపోతుంది. ఒండ్రు గంటల్లో దిగుతుంది. పైన మిగిలిన మసక మర్నాటికీ దిగదు, అదే బంకమట్టి. అప్పుడు దిగువ సీసాల్లో ఒకదాన్లో రెండు చెంచాల ఉప్పు వేసి కలిపి, రెండోదాన్ని ఉప్పు లేకుండా అంతే కలిపి పక్కన పెట్టండి. ఉప్పు వేసిన సీసాలో మసక తునకలు తునకలుగా ముద్దకట్టి కిందికి దిగడం కంటికి కనబడుతుంది, మా అమ్మమ్మ బిందెలో చిల్లగింజ అరగదీసి వేస్తే నీళ్లు తేరినట్టు. నది సముద్రంలో కలిసిన చోట జరిగేది అదే, ఆ తునకలు దిగేది పగడం మీద. ఎగువ సీసా, ఉప్పు వేయని దిగువ సీసా అడుగున ఎంత పొర పడిందో స్కేలుతో కొలిచి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.